డాలర్ మీద దేవుడు, మన నోటు మీద సింహాలు: గొడవ కాకుండా పిల్లలకు ఎట్ల చెప్పాలె

హన్మకొండల గ్రూప్స్ రాసే పిల్లలకు నేను పాలిటీ చెప్తా. సెక్యులరిజం చాప్టర్ రాంగనే ఎవరో ఒకరు లేచి "సార్, అమెరికోళ్లు డాలర్ మీద దేవుడి పేరు రాస్కుంటరు కదా, మరి మతం వేరు ప్రభుత్వం వేరు అని ఎట్లంటరు" అని అడుగుతరు. మొదట్ల బోర్డు మీద డెఫినిషన్లు రాసి చెప్పేటోణ్ణి, అది తప్పు, డెఫినిషన్ తోని మొదలు పెడితే పిల్లలు రెండు పార్టీలయితరు, ఓ ఏడాది గట్లనే మాటా మాటా పెరిగి ఇద్దరు పిల్లలు మళ్ల క్లాసుకే రాలే, ఆ బాధ నాకు ఇంకా పోలే. అప్పటి సంది పద్ధతి మార్చిన. ఇంట్ల చెప్పుకోవాలన్నా, స్కూల్ల చెప్పాలన్నా మీరు కూడా ఇట్ల చేసి చూడుండ్రి.

ముందుగాల సామాన్లు జమ చేస్కోండి. ఒక డాలర్ నోటు కావాలె, మన దగ్గర దొర్కుడు కష్టం కాదు, గల్లీకి ఒకరి బిడ్డనో కొడుకో అమెరికల ఉన్నరు. కొత్త సిరీస్ 10, 20, 200 రూపాయల నోట్లు, ఒక రూపాయి బిళ్ల. ఎవరింట్లనన్న నాయినమ్మ పెట్టెల నిజాం కాలం చార్మినార్ బిళ్ల ఉంటే అది కూడ తెమ్మనుండ్రి, దాని పని ఆఖర్ల ఉంటది.

మొదటి పది నిమిషాలు ఎవ్వరూ మంచి చెడ్డ అనొద్దు, కండ్లకు ఏం కనిపిస్తుందో అదే చెప్పాలె. డాలర్ ఎనక దిక్కు "ఇన్ గాడ్ వి ట్రస్ట్" అని ఉంటది, అంటే దేవుణ్ణి నమ్ముతున్నం అని. అదే దిక్కు గద్ద ముక్కుల పట్టుకున్న పట్టీ మీద "ఈ ప్లూరిబస్ ఉనమ్" అని లాటిన్ మాట ఉంటది, అనేకం నుంచి ఒకటి అని అర్థం. ఒకే నోటు మీద రెండు మాటలు, ఒకటి దేవుడి గురించి, ఒకటి మనుషుల గురించి. పిల్లలు దీన్ని వాళ్లంతట వాళ్లు పట్టుకోవాలె, మీరు ముందే చెప్పేయకుండ్రి.

తర్వాత తారీఖులు. ఇక్కడ జర టైం పెట్టుండ్రి, సగం లొల్లి తారీఖులు తెల్వకనే. ఆ దేశం పుట్టినప్పటి సంది ఆ మాట పైసల మీద ఉందనుకుంటరు చానామంది, లేదు. వాళ్ల అంతర్యుద్ధం నడుస్తుండంగ 1861ల ఒక పాస్టర్ ఖజానా మంత్రి సాల్మన్ చేజ్ కు ఉత్తరం రాసిండు, 1864ల రెండు సెంట్ల బిళ్ల మీద మొదటిసారి వచ్చింది. 1907ల ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ కొత్త బంగారు నాణేల మీద ఆ మాట లేకుండ చేసిండు, ఆయన దేవుణ్ణి నమ్మనోడు కాదు, నమ్మేటోడే, పైసల మీద రాస్తే దేవుడి పేరుకు మర్యాద ఉండదని ఆయన బాధ. మరుసటి ఏడే కాంగ్రెస్ మళ్ల పెట్టించింది. ఇగ సోవియట్ తోని పోటీ గట్టిగ ఉన్నప్పుడు, మేం దేవుడు లేడనే కమ్యూనిస్టులం కాదు అని చూపెట్టనీకి, 1955ల అన్ని నోట్లు బిళ్లల మీద ఉండాలని చట్టం చేసిన్రు, 1956ల అదే జాతీయ నినాదమయింది, కాగితం నోటు మీదికి వచ్చింది 1957ల.

రూజ్‌వెల్ట్ ముచ్చట మాత్రం ఇడ్వొద్దు. వద్దనేటోళ్లంతా నాస్తికులే అనే ఆలోచన అక్కడ్నే ఆగిపోతది.

ఇప్పుడు రాజ్యాంగం తియ్యుండ్రి. మతాన్ని స్థాపించే చట్టం కాంగ్రెస్ చెయ్యొద్దని వాళ్ల మొదటి సవరణ, 1791. మతానికి ప్రభుత్వానికి నడుమ "గోడ" ఉండాలె అంటరు కదా, ఆ "గోడ" అనే మాట వాళ్ల రాజ్యాంగంల లేదు, 1802ల అప్పటి ప్రెసిడెంట్ జెఫర్సన్ ఒక ఉత్తరంల రాసిండు. డాలర్ మీది మాట తీసెయ్యాలని కోర్టుకు పోయినోళ్లు చానామందే, 1970ల ఒక అప్పీల్ కోర్టు ఇది మతం కాదు, దేశభక్తి లెక్క, ఆచారం లెక్క అని కేసు కొట్టేసింది, 2019ల సుప్రీంకోర్టు ఇంకో కేసు వినడానికే ఒప్పుకోలే. ఈడ పిల్లల్ని రెండు జట్లు చేసి, ఉండాలె అనేటోణ్ణి వద్దు అని వాదించమనుండ్రి, వద్దు అనేటోణ్ణి ఉండాలె అని. "నేను నమ్మకపోయినా జేబుల పెట్టుకొని తిరగాల్నా" అనేది ఒక దిక్కు, "నిన్ను ఎవరన్న మొక్కమన్నరా" అనేది ఇంకో దిక్కు. నా మటుకు నాకు మొదటి దిక్కే బరువనిపిస్తది, కని క్లాసుల అది ముందే చెప్పను, సార్ ఏ దిక్కో తెలిస్తే కొందరు నోరు మూస్కుంటరు.

మన నోట్లకు వచ్చినప్పుడు అమెరికా గోడను కొలబద్ద చెయ్యకుండ్రి, మనది వేరే ఏర్పాటు. సింహాల కింద "సత్యమేవ జయతే" ముండకోపనిషత్తుల మాట, సింహాలేమో అశోకుడి సారనాథ్ స్తంభం, బౌద్ధం. 10 మీద కోణార్క్, 20 మీద ఎల్లోరా, 200 మీద సాంచి. ఇవి మొక్కనీకి పెట్టినయా, చరిత్ర అని పెట్టినయా అని అడుగుండ్రి. తంజావూరు గుడి, వైష్ణోదేవి బొమ్మలతోని బిళ్లలు వచ్చినయ్, 2009ల సెయింట్ అల్ఫోన్సా బిళ్ల కూడ వచ్చింది. గుడి బొమ్మల బిళ్లలు వెనక్కి తీస్కోవాలన్న పిటిషన్ను 2018ల ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

దీని ఎంబడే మన రాజ్యాంగంల ఆర్టికల్ 25, 27 చదివించుండ్రి. భద్రకాళి గుడికి ఎండోమెంట్స్ ఈవో, అంటే గుడి యవ్వారం చూసే సర్కారు ఆఫీసరు, ఎందుకుంటడు, మేడారం జాతరకు సర్కారు రోడ్లు నీళ్లు ఎందుకు చూస్తది అని అడిగితే పుస్తకంల మాటలు మన ఊరి మాటలయితయ్. మతానికి సంబంధించిన పైసల యవ్వారాన్ని ప్రభుత్వం అదుపు చెయ్యొచ్చని 25లనే ఉంది, ఒక్క మతాన్ని పెంచనీకి పన్ను కట్టమని ఎవర్నీ అడగొద్దని 27ల ఉంది. జాతర ఖర్చు ఏ దిక్కుకు వస్తదో వాళ్లనే తేల్చుకోనియ్యుండ్రి.

ఒక్కటి జాగ్రత్త. 2006 టైంల వచ్చిన రెండు రూపాయల బిళ్ల మీద అడ్డం నిలువు గీతలుండె, సర్కారు భిన్నత్వంలో ఏకత్వం అన్నది, కొందరు శిలువ అన్నరు, తర్వాత చేతి ముద్రల బిళ్లలు వచ్చినయ్. ఈ ముచ్చట తీసినప్పుడు క్లాసుల ఉన్న చర్చి పిల్లల మొఖాలు చూస్కుంట చెప్పుండ్రి, "మీరేమంటరు" అని వాళ్లనే నిలబెట్టి అడగకుండ్రి, ఒక్క మనిషి మతం మొత్తానికి జవాబు చెప్పాల్సిన పని లేదు. నా దగ్గర ఇద్దరు రాకుండ అయ్యింది గిసొంటి ప్రశ్నకే.

ఆఖర్ల చార్మినార్ బిళ్ల. దాని మీద 92 అనే అంకె ఎతుక్కోమనుండ్రి. అందరూ సంవత్సరం అంటరు. ఉర్దూ వచ్చిన పిల్లగాడుంటే అరబ్బీ అక్షరాలకు అంకెలు కట్టి కూడమనుండ్రి, మీమ్ 40, హే 8, మళ్ల మీమ్ 40, దాల్ 4. ముహమ్మద్ అనే పేరు లెక్క అది. గుడి, మసీదు, చర్చి పక్కపక్కన్నే ఉన్న ఊర్లల్ల మన తాతలు ఆ బిళ్లతోనే ఉప్పు కొన్నరు, బియ్యం కొన్నరు. అది చేతుల్లకు పోయినంక కాసేపు మీరేం మాట్లాడకుండ్రి.