పాత స్పీకర్లతో సొంతంగా బాక్సులు కడుతున్నారా? చవితి లోపల ఇది చదవండి

ప్రతి ఏడూ వినాయక చవితికి నెల ముందే మా కర్నూలులో ఒక సందడి మొదలవుతుంది. కొందరు కుర్రాళ్లు బాక్సులు బాడుగకు మాట్లాడుకుంటారు. చేతిపని కొంచెం తెలిసినవాళ్లు మాత్రం అటకలెక్కి పాత రేడియోలు దించి, గుజిరీ అంగళ్లలో తిరిగి మైకుసెట్టు హారన్లు ఏరుకొచ్చి, సొంతంగా కడతామంటారు. మొన్న మా మేనల్లుడు కూడా గోనెసంచి నిండా సామాను తెచ్చి నా ముందు కుమ్మరించాడు. రెండు ఎనిమిదంగుళాల స్పీకర్లు, ఒక హారన్ యూనిట్, చెక్కపెట్టెతో సహా ఒక వాల్వుల రేడియో, అంటే ట్రాన్సిస్టర్లకు ముందు కాలంలో గాజు గొట్టాలతో నడిచేది. "మామా, రేపు సాయంత్రానికి పాట రావాల" అన్నాడు. రాదురా, మూడు రోజులు పడుతుంది అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. ఆ మూడు రోజులు ఎందుకో వాడికి చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఈ పనిలో నేను చూసిన దెబ్బలు, పాడైపోయిన మంచి వస్తువులు దాదాపు అన్నీ తొందరగా పాట వినాలన్న ఆత్రంలో జరిగినవే.

ముందు పెట్టె సంగతి. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న రేడియోలోకి నేరుగా చేయి పెట్టకండి. మన సీమలో తేళ్లకు కొదవ లేదు, వానలు మొదలయ్యాక పొడిగా చీకటిగా ఉండే చోటే వెతుక్కుంటాయి. ఎండలో పెట్టి, వెనక అట్ట విప్పి, టార్చి వేసి చూసి, పొడుగాటి బ్రష్షుతో కదిలించాకే చేయి పెట్టండి. ఎలుక పెంటికలుంటే నోటితో ఊదొద్దు, మాస్కు కట్టుకుని తడిగుడ్డతో తుడవండి. కొన్ని పాత సెట్లలో వాల్వుల వేడి చెక్కకు తగలకుండా లోపల బూడిద రంగు అట్ట ఒకటి కొట్టి ఉంటారు. అది ఆస్‌బెస్టాస్ కావచ్చు. గీకొద్దు, చింపొద్దు, ఉన్నచోటే ఉండనివ్వండి.

ఇక అసలైన ప్రమాదం. స్పీకర్ వెనక నుంచి రెండు తీగలు కాకుండా నాలుగు వస్తున్నాయంటే అక్కడే ఆగండి. అది బహుశా ఫీల్డ్ కాయిల్ స్పీకర్. కాయిల్ కదిలే స్పీకర్‌ను అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెలాగ్ 1925లో బయటపెట్టిన రోజుల్లో ఇప్పటిలాంటి బలమైన అయస్కాంతాలు లేవు, అందుకని కరెంటు పంపి అయస్కాంతంగా మార్చే పెద్ద కాయిల్‌ను స్పీకర్ వెనక పెట్టేవాళ్లు. చాలా రేడియోలలో ఆ కాయిలే పవర్ సప్లైలో చోక్ పని, అంటే కరెంటులోని ఒడిదుడుకులను తగ్గించే పని కూడా చేస్తుంది, అంటే దాని తీగల్లో పారేది పాట కాదు, వందల వోల్టుల డీసీ కరెంటు.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఈ సంగతి తెలియక దెబ్బ తిన్నాను. మా అబ్బది వాల్వుల రేడియో, 1963లో కడప స్టేషన్ మొదలయ్యాక వార్తలు వినడానికి కొన్నాడంట. దాని స్పీకర్ విప్పి పక్కన పెట్టి, సెట్టు వెలుగుతుందో లేదో చూద్దామని ఒకసారి ప్లగ్గు పెట్టి పీకేశాను. పది నిమిషాల తర్వాత, ప్లగ్గు పీకే ఉంది కదా అన్న ధైర్యంతో చాసిస్ (లోపలి భాగాలన్నీ బిగించిన ఇనుప చట్రం) కింద చేయి పెడితే మోచేయి దాకా లాగేసింది, చేయి వెళ్లి పెట్టె అంచుకు కొట్టుకుని చర్మం లేచిపోయింది. జరిగిందేమిటంటే, ఫీల్డ్ కాయిల్ తీసేసరికి మొదటి కండెన్సర్‌లో నిండిన కరెంటు బయటికి పోయే దారే లేకుండా పోయింది. అది అట్లే కూర్చుని నా వేలు కోసం కాచుకుంది. ఆ రోజు రెండో చేయి కూడా చాసిస్ మీద ఉండుంటే ఆ కరెంటు గుండె మీదుగా పోయేది.

కాబట్టి వాల్వుల సెట్టు ముట్టుకునేటప్పుడు ప్లగ్గు పీకడం ఒక్కటే చాలదు. పది కిలో ఓమ్స్, ఐదు వాట్ల రెసిస్టర్ ఒకటి తెచ్చి, రెండు చివర్లకూ మంచి ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు తీగలు వేసుకోండి. ఒక క్లిప్పు కండెన్సర్ నెగటివ్‌కు ముందే పట్టించి, రెండోదాన్ని ఒక్క చేత్తో పాజిటివ్‌కు తగిలించి పది సెకన్లు ఉంచండి, రెండో చేయి వెనక్కి కట్టుకోండి. తర్వాత మీటర్ డీసీ వోల్టుల మీద పెట్టి కొలవండి, సున్నా దగ్గరికి వచ్చిందని కళ్లతో చూశాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో చటుక్కున షార్ట్ చేయడం చాలామంది మెకానిక్‌ల దగ్గర చూసుంటారు, అది చేయొద్దు, మెరుపు కళ్లలో పడుతుంది, కండెన్సర్ కూడా పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ డీసీ సెట్లయితే ఇంకా కష్టం, వాటిలో ఇనుప చాసిస్సే మెయిన్స్ తీగల్లో ఒకదానికి కలిసి ఉండొచ్చు, ప్లగ్గు తిరగేసి పెడితే చాసిస్ మొత్తం 230 వోల్టులు అయిపోతుంది. మేనల్లుడికి చెప్పినట్టే మీకూ చెబుతున్నా, మొదటిసారి కడుతున్నారంటే చాసిస్ జోలికే పోవద్దు. స్పీకర్ మాత్రం విప్పుకుని, అడాప్టర్‌తో నడిచే చిన్న యాంప్లిఫయర్‌కు కలుపుకోండి. ఫీల్డ్ కాయిల్ స్పీకరే దొరికితే రాగి కోసం పగలగొట్టి అమ్మకండి, తెలిసినవాళ్ల చేతికి ఇవ్వండి, అలాంటివి ఇక పుట్టవు.

చాసిస్ పని తెలిసినవాళ్లయినా సరే, సీరీస్ బల్బు, అంటే సెట్టుకు వెళ్లే ఒక తీగ మధ్యలో కలిపే బల్బు, లేకుండా పాత సెట్టును గోడ ప్లగ్గులో పెట్టొద్దు. 60 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు వెలిగి మెల్లగా మందగిస్తే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. స్పీకర్ తగిలించకుండా వాల్వు యాంప్లిఫయర్‌లో పాట ఎన్నడూ పెట్టొద్దు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అలాంటి ట్రాన్స్‌ఫార్మర్ మళ్లీ దొరకాలంటే ఎన్ని ఊళ్లు తిరగాలో.

అయస్కాంతం దగ్గరికి వస్తే, పాత మంచి స్పీకర్లలో చాలావాటికి వెనక గుండ్రని కప్పులాంటి డబ్బా ఉంటుంది, అందులో ఆల్నికో ఉంటుంది, అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం. దాన్ని శుభ్రం చేద్దామని విప్పకండి. ఇనుప చట్రం నుంచి అయస్కాంతాన్ని వేరు చేసిన నిమిషంలోనే దాని బలం చాలావరకు పోతుంది, తిరిగి బిగించినా రాదు, పెద్ద యంత్రం మీద మళ్లీ అయస్కాంతీకరించాల్సిందే. సుత్తితో కొట్టడం కూడా అంతే చెడ్డది. నల్ల ఫెర్రైట్ అయస్కాంత చక్రాలున్నవి బలం పోగొట్టుకోవు గానీ కింద పడితే పింగాణీలా పగులుతాయి.

వెల్డింగ్ షాపు దగ్గరో, గ్రైండర్ వాడిన నేల మీదో స్పీకర్ పెట్టొద్దు. ఇనుప రజను వెళ్లి కాయిల్ చుట్టూ ఉన్న సన్నటి సందులో దూరిందంటే ఇక కరకరమంటూనే ఉంటుంది. పాత బట్ట పరిచి దాని మీద పని చేయండి. సందులో రజను కనిపిస్తే ఊదితే రాదు, అయస్కాంతం పట్టుకుని ఉంటుంది, సన్నగా కోసిన జిగురు టేపును పుల్లకు చుట్టి మెల్లగా అద్ది తీయాలి.

మా ఊళ్లో ఇంకో సంగతి ఉంది. 2009 అక్టోబరు వరదలో పాతబస్తీ అంతా మునిగింది కదా, అప్పుడు నీళ్లు తాగిన స్పీకర్లు ఇప్పటికీ అంగళ్లలో కనిపిస్తుంటాయి. పైకి తుడిచి పెట్టి ఉంటారు. కొనే ముందు కోను (ముందు కదిలే కాగితపు గరాటు) మధ్యకు అటూ ఇటూ సమానంగా నాలుగు వేళ్లు ఆనించి, పాపాయి ఛాతీ మీద చేయి పెట్టినంత మెత్తగా లోపలికి నొక్కి వదలండి. మంచిదైతే చప్పుడు లేకుండా పోయి వస్తుంది. వరదది అయితే ఎండిన ఒండ్రు కాయిల్‌ను గీరుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటే ఇసుక మీద చెప్పు రుద్దినట్టు సన్నగా వినిపిస్తుంది. అలాంటిది గాలి పంపుతో బాగవుతుందని మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లకండి, ఆ గాలికి యాభై ఏళ్ల కాగితం ఒక్క దెబ్బకు చీలుతుంది.

మీటర్‌తో ఓమ్స్ చూడండి. ఎనిమిది ఓమ్స్ స్పీకర్ మీటర్ మీద ఆరు, ఆరున్నర దగ్గర చూపిస్తుంది, అది తప్పు కాదు. అసలేమీ చూపించకపోతే తీగ ఎక్కడో తెగినట్టు. ప్లస్సు ఏదో తెలియకపోతే ఒకటిన్నర వోల్టు సెల్లు రెప్పపాటు తగిలించండి, కోను ముందుకు వస్తే సెల్లు ప్లస్సు తగిలిన చోటే ప్లస్సు. రెండు స్పీకర్లకూ ఇది సరిచూడకుండా కలిపితే బేస్ అంతా ఒకదాన్నొకటి తినేస్తుంది. ట్వీటర్‌కు, అంటే సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్‌కు మాత్రం సెల్లు తగిలించొద్దు.

కోను చుట్టూ స్పాంజి అంచు ఉంటే వేలితో తాకి చూడండి, పొడిలా రాలితే అది మార్చాల్సిందే, అలాగే వాయిస్తే కాయిల్ పక్కకు ఒరిగి రాసుకుంటుంది. గుడ్డ అంచులు, కాగితం మడతల అంచులు ఎక్కువ కాలం నిలుస్తాయి. చిన్న చీలికలకు పలుచటి టిష్యూ కాగితం, నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్ చాలు. వానాకాలం కాబట్టి ఆరడానికి ఒక రాత్రి కాదు, రెండు రోజులు ఇవ్వండి. నేనడిగిన మూడు రోజుల్లో రెండు ఇక్కడే పోతాయి.

ఇంకో పెద్ద పొరపాటు వాట్ల దగ్గర. రేడియోలో పుట్టిన స్పీకర్ మూడు నుంచి ఐదు వాట్లకు చేసింది. అది తక్కువ కరెంటుకే బాగా పలుకుతుంది, అదే దాని గొప్ప. దాన్ని వంద వాట్ల యాంప్లిఫయర్‌కు కలిపి గణపతి మండపంలో పెడితే మొదటి డప్పు దెబ్బకే కాయిల్ మాడిపోతుంది. పందిట్లో మోత కావాలంటే వేరే స్పీకర్లు తెచ్చుకోండి, వీటిని ఇంట్లో వినండి. హారన్ యూనిట్‌కు బేస్ పోనివ్వొద్దు, లోపలి పలుచటి రేకు పగులుతుంది. ట్వీటర్‌కైతే కండెన్సర్ లేకుండా ఒక్క క్షణం కూడా పాట పంపొద్దు, ఎనిమిది ఓమ్స్‌ది అయితే 4.7 మైక్రోఫారడ్ నాన్‌పోలార్ (ప్లస్సు మైనస్సు తేడా లేని) కండెన్సర్ సీరీస్‌లో వేస్తే దాదాపు 4,200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా క్రమంగా తగ్గిపోతుంది. మైకుసెట్టు హారన్ల వెనక లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే ఆ తీగల్లో పాట వచ్చేటప్పుడు వంద వోల్టుల దాకా పారవచ్చు, స్పీకర్ తీగే కదా అని పళ్లతో చెక్కు తీసేవాళ్లను చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు. కొత్త స్పీకర్ కలిపే ముందు యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌లో డీసీ ఉందేమో కొలవండి, 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే ఫర్వాలేదు, వోల్టుల్లో ఉంటే కలపొద్దు.

పెట్టె గురించి కొంచెమే చెబుతా. పాత రేడియో స్పీకర్లను చిన్న మూసిన పెట్టెలో బిగిస్తే డబ్బాలో మాట్లాడినట్టు బోలుగా మోగుతాయి, వెడల్పాటి ప్లైవుడ్ పలకకు రంధ్రం చేసి వెనక తెరిచి పెడితేనే హాయిగా పలుకుతాయి. ప్లైవుడ్ కోసేటప్పుడు మాస్కు, కళ్లజోడు తప్పనిసరి. కింద బరువు కోసం మనవాళ్లు కడప బండ వేస్తారు, నాకూ ఇష్టమే, కానీ రెండడుగులకు ఒక అడుగు, అంగుళం మందం బండ పన్నెండు కిలోల పైనే ఉంటుంది, ఊగే బల్ల మీద పెడితే పిల్లల కాళ్ల మీద పడుతుంది. ఇంట్లో గ్రైండర్‌తో కోయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, నీళ్లు పోస్తూ కోద్దామంటే కరెంటు భయం. బండల అంగట్లో కొలత ఇచ్చి కోయించుకోండి. థిన్నర్ మూత తీసిన గదిలో సోల్డరింగ్ పెట్టొద్దు, సోల్డర్ పట్టుకున్న చేత్తో అన్నం తినొద్దు, అందులో సీసం ఉంటుంది.

పందిట్లోకి తీసుకెళ్లేవాళ్లు తడినేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టకండి, 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే ఆపేసే స్విచ్) గుండా కరెంటు తీసుకోండి, అతుకులు నేలకు ఎత్తులో ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలే చెబుతున్నాయి. ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. చెవుల సంగతి కూడా చూసుకోండి. 85 డెసిబెల్స్ మోత ఎనిమిది గంటలు తట్టుకునే చెవి 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే తట్టుకుంటుంది. బాక్సు ముందు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టొద్దు.

మూడో రోజు సాయంత్రం మావాడు పాట పెట్టాడు. వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా తిప్పమన్నా, ఐదు నిమిషాలు పక్కనే కూర్చుని వాసన చూడమన్నా. కాలిన వార్నిష్ వాసన వస్తే వెంటనే ఆపేయాలి, వాడికి రాలేదు. తర్వాత రెండు అయస్కాంతాల వెనకా మార్కర్‌తో రాయించాను. ఎన్ని ఓమ్స్, ప్లస్సు ఎటు, ఎన్ని వాట్లు దాటకూడదు, ఏ తేదీన అంచు అతికించాం. మళ్లీ ఎప్పుడైనా ఎవరైనా ఆ అటకెక్కి వీటిని దించినప్పుడు చూసుకుంటారు.