మడత చాకుకు లాక్ తప్పనిసరా?

మడత చాకుకు లాక్ (తెరిచిన బ్లేడు మూసుకుపోకుండా ఆపే అమరిక) ఉండి తీరాలా అన్నది దాని పొడవు కన్నా, దానితో చేసే పనిని బట్టి తేల్చుకోవలసిన విషయం. పండు కోసేటప్పుడో తాడు తెంపేటప్పుడో ఒత్తిడి బ్లేడును తెరుచుకునే వైపుకే నెడుతుంది కనుక, పిడిలోని స్ప్రింగు మాత్రమే పట్టి ఉంచే మామూలు చాకు చాలు. మొనతో రంధ్రం పొడిచేటప్పుడు, చెక్కలో ఇరుక్కున్న బ్లేడును అటూ ఇటూ కదిపి లాగేటప్పుడు మాత్రం అది వేళ్ల మీదికి మూసుకుపోవచ్చు. అలాంటి పనులకు లాక్ ఉన్నదే వాడాలి (అసలు మడవని చాకు అయితే మరీ మేలు). లాక్‌నూ గుడ్డిగా నమ్మకూడదు. పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడుకు అడ్డుపడే రకంలో ఇసుకో, జేబులోని నూలు పీచో చేరితే ఆ రేకు పూర్తిగా కుదురుకోదు. పైగా మూసేటప్పుడు దాన్ని నొక్కే బొటనవేలు బ్లేడు దారిలోనే ఉంటుంది కాబట్టి, బ్లేడు కాస్త కదలగానే వేలు తప్పించి, ఆ తరువాతే పూర్తిగా మడవాలి.