ఇంట్లో తూటా కట్టుకోవడం – 7వ పాఠం: వేగం ఒక్కతీరుగా రాకపోతే

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. ఒకే లోడ్‌తో 10 తూటాలు కట్టి, 100 గజాల దగ్గర కాల్చి, ప్రతి షాట్ వేగాన్నీ వరసగా రాసుకురమ్మన్నాను. తూటా అంటే ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల పౌడర్, మూతిలో బుల్లెట్ కలిసినది; వీటి కలయికనే లోడ్ అంటాం. నేను టెక్సస్‌లో ఈ పని మొదలుపెట్టిన రోజుల నాటి నోట్‌బుక్ పేజీ ఒకటి ముందు పెట్టుకుని ఇవాళ్టి పాఠం చెబుతాను. రైఫిల్ .308 విన్‌చెస్టర్, బుల్లెట్ బరువు 175 గ్రెయిన్లు (గ్రెయిన్ ఒక చిన్న తూకం కొలత). సెకనుకు అడుగుల్లో వేగాలు ఇవి: 2611, 2634, 2589, 2620, 2598, 2641, 2607, 2625, 2593, 2612. సగటు 2613. అన్నిటికన్నా ఎక్కువకీ తక్కువకీ మధ్య తేడా 52 అడుగులు, ఎస్‌డి (స్టాండర్డ్ డీవియేషన్, అంటే వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) 17. కాగితం మీద గ్రూపు, అంటే రంధ్రాలు చెదిరిన వెడల్పు, రెండు అంగుళాలు.

కొత్తగా చేరినవారి కోసం చట్టం సంగతి మళ్లీ చెబుతున్నాను. అమెరికాలో హెచ్‌1బి లాంటి వీసా మీద ఉన్నవారు, హంటింగ్ లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకుంటే అది ఫెడరల్ నేరం. ఇండియాలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం. ఈ పాఠాలు చట్టం ఒప్పుకున్న చోట ఉన్నవారికే.

ఇక పేజీలోకి వద్దాం. ఆ రోజు నేను చేసిన తప్పేమిటంటే, రెండు అంగుళాల గ్రూపుకి కారణం ఆ 52 అడుగుల తేడానే అనుకున్నాను. లెక్క వేసి చూడండి. 100 గజాల దూరంలో 52 అడుగుల వేగం తేడా బుల్లెట్‌ని పైకో కిందకో జరిపేది అంగుళంలో పదో వంతు. అదే తేడా 600 గజాల దగ్గర దాదాపు ఐదు అంగుళాలు అవుతుంది. అంటే 100 గజాల దగ్గర గ్రూపు చెదిరితే ఆ నేరం వేగానిది కాదు. 600 గజాల దగ్గర రంధ్రాలు నిలువుగా సాగి, పైన పడ్డవి వేగంగా వెళ్లినవీ కింద పడ్డవి నెమ్మదిగా వెళ్లినవీ అయితే అప్పుడు వేగాన్ని పట్టుకోవాలి. అడ్డంగా సాగితే గాలినీ, ట్రిగ్గర్ మీద మీ వేలినీ చూసుకోండి.

కాబట్టి ఇవి రెండు వేరువేరు జబ్బులు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

గ్రూపు సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఇది పది నిమిషాల పని. స్కోప్ రింగుల స్క్రూలు, యాక్షన్‌ని (బోల్ట్ కదిలే లోహపు భాగం) స్టాక్‌కి (భుజానికి ఆనించే భాగం) బిగించే స్క్రూలు టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానా) చూడండి. తర్వాత మీ రైఫిల్‌లో ఇదివరకు బాగా కాలిన ఫ్యాక్టరీ మ్యాచ్ తూటాలు పది కాల్చండి. అవి కూడా చెదిరితే మీ లోడ్‌లో తప్పు లేదు, రైఫిల్‌లోనో మీలోనో ఉంది. నాకు ఆ రోజు వెనకవైపు యాక్షన్ స్క్రూ వదులైంది. నేనేమో రెండు వారాలు పౌడర్ మారుస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు వేగం. మొదటి మాట: పది షాట్ల ఎస్‌డిని మరీ గట్టిగా నమ్మకండి. 17 అని వచ్చిందంటే అసలు విలువ 12 నుంచి 31 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఐదు షాట్లయితే ఇంకా అన్యాయం. ఐదు షాట్లు కాల్చి “నా ఎస్‌డి 6” అని సంబరపడినవాళ్లు మరుసటి వారం అదే లోడ్‌తో 19 చూసి టెన్షన్ పడతారు. లోడ్‌లో ఏమీ మారి ఉండదు. ఏదైనా తేల్చాలంటే కనీసం 20 షాట్లు కాల్చండి.

రెండోది పౌడర్ తూకం. డిజిటల్ స్కేలు ఏసీ వెంట్ కింద పెట్టి చూడండి. పాన్ ఖాళీగా ఉన్నా అంకె 0.1 అటూ ఇటూ ఊగుతుంది. .308లో ఒక పదోవంతు గ్రెయిన్‌కి సుమారు ఐదారు అడుగుల వేగం మారుతుంది. స్కేలు ఆన్ చేసి అరగంట వదిలేయండి, ప్రతి పది తూటాలకోసారి చెక్ వెయిట్ పెట్టి చూడండి, ఫ్యాన్ ఆపేయండి. ఇక్కడ అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

నా అనుభవంలో ఎక్కువసార్లు దొంగ దొరికేది కేసు మెడ దగ్గర. బుల్లెట్‌ని మెడ ఎంత గట్టిగా పట్టుకుందన్నది తూటా తూటాకీ మారితే, లోపల ప్రెషర్ పెరిగే తీరు మారుతుంది, దాంతో వేగమూ మారుతుంది. ఇత్తడి కాల్చిన ప్రతిసారీ, డైలో (కేసుని మళ్లీ పాత కొలతకి తెచ్చే అచ్చు) నొక్కిన ప్రతిసారీ గట్టిపడుతుంది. గట్టిపడ్డ మెడ డై నుంచి బయటికి రాగానే స్ప్రింగులా కొంచెం వెనక్కి తెరుచుకుంటుంది. రెండుసార్లు కాల్చిన కేసూ, ఏడుసార్లు కాల్చిన కేసూ ఒకే డైలోంచి వచ్చినా ఒకే కొలత ఉండవు. నా పేజీలోని పది కేసులు సరిగ్గా అలా కలిసిపోయినవే. రేంజ్‌లో ఏరుకున్నవన్నీ ఒకే డబ్బాలో పోసేశాను.

దీన్ని పట్టుకోవడానికి పరికరం అక్కర్లేదు, మీ చెయ్యి చాలు. బుల్లెట్ సీట్ చేసేటప్పుడు, అంటే మెడలోకి నొక్కి కూర్చోబెట్టేటప్పుడు, ప్రెస్ హ్యాండిల్‌ని తొందరపడకుండా ఒకే వేగంతో దించండి. ఒకటి వెన్నలో వేలు దిగినట్టు దిగుతుంది. ఇంకొకటి మొదట్లో కాస్త మొరాయించి, తర్వాత సన్నగా గీరుకుంటూ వెళ్తుంది. ఆ గీరుడు అరచేతికి తెలుస్తుంది. తేడా తెలిసినవాటి మీద మార్కర్‌తో చుక్క పెట్టి పక్కన ఉంచండి, విడిగా కాల్చండి. నేను అలా కాల్చినప్పుడు చుక్క ఉన్నవీ లేనివీ రెండు వేరు గుంపులుగా నిలిచాయి.

మరి మందు? ఒకే డబ్బాలో కొన్న, ఒకే లెక్కన (అన్నీ ఒకే సంఖ్యలో సార్లు) కాల్చిన కేసులు కలిపి ఉంచండి. అనీలింగ్ (మెడని వేడిచేసి ఇత్తడిని మెత్తబరచడం) చేస్తే అన్నిటికీ చేయండి, లేకపోతే దేనికీ వద్దు. కేసులు నీళ్ల టంబ్లర్‌లో (కేసుల్ని తిప్పుతూ కడిగే యంత్రం) తళతళలాడేలా కడిగారా? మెడ లోపలి మసి కూడా పోయి బుల్లెట్‌ని ఇత్తడి పట్టేసుకుంటుంది. లోపల కొంచెం గ్రాఫైట్ రాస్తే సర్దుకుంటుంది.

ప్రైమర్ కేసు అడుగు కన్నా పైకి లేచి ఉండకూడదు. అంగుళంలో వెయ్యికి మూడు నుంచి ఐదు వంతులు లోపలికి ఉంటే సరి. వేలితో తడిమితే పల్లం తెలియాలి. లేచి ఉంటే, ప్రైమర్‌ని కొట్టే పిన్ను దెబ్బలో కొంత దాన్ని కూర్చోబెట్టడానికే పోతుంది. ఇక ఎండ విషయం: జూలై మధ్యాహ్నం వేడెక్కిన చాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గది) తూటా పెట్టి రెండు నిమిషాలు గాలి కోసం ఎదురుచూస్తే పౌడర్ కాగిపోతుంది. ఆ షాట్ మిగతావాటికన్నా వేగంగా పోవడం మామూలే. కాల్చడానికి సిద్ధమయ్యాకే బోల్ట్ మూయండి.

ఒకటి మాత్రం ఎప్పుడూ చేయొద్దు. ఎస్‌డి తగ్గుతుందేమోనని మాన్యువల్‌లో (ఏ లోడ్‌కి ఎంత పౌడరో చెప్పే పుస్తకం) ఇచ్చిన గరిష్ఠం దాటి పౌడర్ పెంచొద్దు. కేసు, ప్రైమర్, బుల్లెట్‌లలో ఏది మార్చినా మళ్లీ కింది చార్జ్ (పౌడర్ కొలత) నుంచే మొదలుపెట్టండి. బోల్ట్ ఎత్తడం బరువైనా, ప్రైమర్ అప్పడంలా చదునైనా, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి తోసే భాగం) ముద్ర మెరిసినా ఆ రోజుకి కాల్చడం ఆపి, మిగిలిన తూటాలు విప్పేయండి.

వచ్చే పాఠానికి పని ఇది. ఒకే పెట్టెలోవి, ఒకే లెక్కన కాల్చినవి 20 కేసులు తీసుకోండి. పౌడర్, ప్రైమర్, బుల్లెట్, సీటింగ్ లోతు ఏవీ మార్చకండి. సీట్ చేసేటప్పుడు గీరినవాటి సంఖ్య, షాట్ల వేగాలు, ఆ రోజు ఎండ డిగ్రీలు మూడూ ఒకే పేజీలో రాయండి. ఆ పేజీ చేతిలో ఉంటేనే సీటింగ్ లోతు పాఠం మొదలుపెట్టగలం.