పాత మారుతి 800 బీడింగ్‌కి నలుపు తెచ్చే ముందు

ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. అద్దాల చుట్టూ ఉండే రబ్బరు పట్టీ, అంటే బీడింగ్, చాలా బళ్లలో తెల్లబడి, చేత్తో రుద్దితే మసి అంటుతోంది. నలుపు తెచ్చే పూత డబ్బా మూత తీసే ముందు ఇవి చూసుకోండి.

• ముందు గోటితో నొక్కండి. మెత్తగా దిగి, గోరు తీయగానే మళ్లీ లేస్తే పని చెయ్యొచ్చు. పెళుసుగా ఉండి పగుళ్లు విచ్చుకుంటే ఏ పూతా నిలవదు, కొత్త బీడింగ్ వేయించడమే మేలు. పగుళ్ల మీద నల్లరంగు పూస్తే వానలో నీళ్లు డోర్లోకి దిగుతూనే ఉంటాయి, మీకు మాత్రం తెలియదు.

• పెట్రోలు, థిన్నర్, కిరోసిన్ వద్దు. తుడవగానే నల్లగా మెరుస్తుంది నిజమే, కానీ రబ్బరు ఉబ్బి సాగిపోతుంది. షాంపూ నీళ్లు, పాత టూత్‌బ్రష్ చాలు. మూలల్లో తడి పూర్తిగా ఆరాలి.

• ఎండలో మొదలుపెట్టకండి. బానెట్ మీద చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే పూత మరకలుగా ఆరిపోతుంది. మా వైపు మే నెలలో ఉదయం ఏడులోపే చేసుకోవాలి.

• పక్కనున్న పెయింటుకి మాస్కింగ్ టేపు వేయండి, పని కాగానే తీసేయండి. ఎండలో వదిలేస్తే జిగురు అంటుకుపోతుంది.

• త్వరలో కారుకి పెయింటింగ్ ఉంటే సిలికాన్ స్ప్రే ముట్టుకోకండి. దాని జిడ్డు ఉన్నచోట కొత్త రంగు చిన్న చిన్న గుంటలు పడుతుంది.

• వైపర్ రబ్బరుకి, పెడల్స్‌కి ఈ పూత అస్సలు తగలకూడదు.

• గ్లవ్స్ వేసుకోండి.

• కనపడని చోట అంగుళం మేర రాసి, ఒక రోజు ఆగి చూడండి.