పాడైన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నుంచి ఫైళ్లు తీసే ముందు జాగ్రత్తలు

హార్డ్ డిస్క్ తెరుచుకోకపోతే అందరం ముందు చేసేది ఒకటే. కేబుల్ పీకి మళ్లీ పెడతాం, ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తాం, ఆ తర్వాత నెట్‌లో దొరికిన రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదో దించుకుని రాత్రంతా నడుపుతాం. డిస్క్‌కు వచ్చిన జబ్బు కన్నా ఈ కంగారు వల్లే పోయే ఫైళ్లు తక్కువేమీ కాదు. పాడవుతున్న డిస్క్‌కు ఇంకా కొంత ఆయుష్షు ఉంటుంది, కరెంటు అందిన ప్రతి నిమిషం అది ఖర్చవుతూ ఉంటుంది. కాబట్టి ముందు డిస్క్ తీసి పక్కన పెట్టండి. ఏం చేయాలో తేల్చుకున్నాకే మళ్లీ తగిలించండి.

అన్నిటికన్నా ముందు గమనించాల్సింది చప్పుడు. లోపల డేటా ఉండే గుండ్రటి పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. వాటి మీద రీడ్ హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ చదువుతుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ సన్నగా గుయ్‌మంటూ స్థిరంగా తిరుగుతుంది. అలా కాకుండా టక్, టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుని కాసేపటికి ఆగిపోతుంటే హెడ్ దెబ్బతిని ఉండవచ్చు. సన్నగా బీప్ లాంటి మూలుగు వస్తూ తిరగకపోతే హెడ్ పళ్లేనికి అతుక్కుపోయి ఉండవచ్చు, లేదా మోటారు బిగుసుకుపోయి ఉండవచ్చు. గీరుతున్న శబ్దమైతే మరీ ప్రమాదం. దెబ్బతిన్న హెడ్ పళ్లేన్ని తాకితే డేటా ఉన్న పూతే లేచి పొడైపోతుంది. అలా రాలిపోయిన దాన్ని ఏ ల్యాబూ తిరిగి తేలేదు. ఈ చప్పుళ్లలో ఏది వినిపించినా వెంటనే కరెంటు ఆపేయండి, ఇంకొక్కసారి చూద్దాం అనుకోవద్దు. డిస్క్ కింద పడి ఉంటే, పైకి బాగానే కనిపిస్తున్నా, పనిచేస్తుందో లేదో చూద్దామని తగిలించకండి.

ఫ్రీజర్‌లో పెట్టమని, మూత విప్పి హెడ్‌ను పక్కకు జరపమని సలహాలు చాలా తిరుగుతుంటాయి. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. ఫ్రీజర్ నుంచి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. ఇక మూత విప్పితే ఆ నానోమీటర్ల సందులో చిన్న దుమ్ము రేణువు కూడా పెద్ద బండరాయే. ఇంకో డిస్క్ సర్క్యూట్ బోర్డు తెచ్చి మార్చడం కూడా ఈ రోజుల్లో నేరుగా పనిచేయదు. ఆ డిస్క్‌కే ప్రత్యేకమైన సెట్టింగులు పాత బోర్డు మీద చిప్‌లో ఉంటాయి.

చప్పుడు మామూలుగానే ఉంటే లోపం డిస్క్‌ది కాకపోవచ్చు. చిన్న డిస్క్‌లు యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాయి. హబ్‌లోనో, వదులైన పోర్టులోనో పెడితే అది చాలక ఆగిపోతుంటాయి. హబ్ తీసేసి కంప్యూటర్ పోర్టుకే నేరుగా, వేరే పొట్టి కేబుల్‌తో ఒక్కసారి చూడండి. అడాప్టర్‌తో నడిచే పెద్ద డిస్క్‌కైతే పిన్ సరిపోయిందని ల్యాప్‌టాప్ ఛార్జర్ గుచ్చకండి. ఆ డిస్క్‌కు కావలసింది సాధారణంగా 12 వోల్టులు, ఛార్జర్ ఇచ్చేది చాలావరకు 19 వోల్టులు. బోర్డు కాలిపోతుంది.

తగిలించగానే విండోస్ 'ఫార్మాట్ చేయాలి' అనో, 'స్కాన్ చేసి సరిచేయనా' అనో అడగవచ్చు. రెండింటికీ వద్దనే చెప్పండి. డిస్క్ తప్పులను సరిచేసే విండోస్ టూల్ చెక్‌డిస్క్ కూడా ఇప్పుడు నడపకండి. అది చూసేది ఫైల్ సిస్టమ్ (ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే ఏర్పాటు) సవ్యంగా ఉందా అన్నదే, మీ ఫైళ్లు భద్రంగా ఉన్నాయా అన్నది కాదు. చదవలేని ఎంట్రీలను తీసేసి కొత్తవి రాస్తుంది. చెడిపోతున్న డిస్క్ మీద ఏమీ రాయకూడదు.

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టు చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి టూల్ ఒకటి ఉంటే రెండు నిమిషాల్లో సంగతి తెలుస్తుంది. సెక్టార్ అంటే డిస్క్ మీద డేటా ఉండే చిన్న గడి. రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి వేరే గడికి మార్చినవి), పెండింగ్ సెక్టార్లు (చదవలేక అనుమానంలో ఉన్నవి), అన్‌కరెక్టబుల్ సెక్టార్లు (సరిచేయలేనివి) అనే మూడు వరుసలు చూడండి. ముఖ్యంగా పెండింగ్ సంఖ్య సున్నా దాటి పెరుగుతూ ఉంటే డిస్క్ చదవడానికి తంటాలు పడుతోందన్నమాట. అన్నీ బాగున్నట్టు చూపించినా పూర్తిగా నమ్మకండి, స్మార్ట్ పట్టుకోలేని లోపాలూ ఉంటాయి.

ఫోల్డర్లు ఇంకా తెరుచుకుంటుంటే ఏది ముందు కాపీ చేయాలో కాగితం మీద రాసుకుని కూర్చోండి. మళ్లీ దొరకనివి, అంటే కుటుంబం ఫొటోలు, సొంతంగా రాసుకున్నవి, లెక్కలు ముందు. సినిమాలు చివర, అసలు వదిలేసినా ఫర్వాలేదు. ఫొటోల ఫోల్డర్‌ను థంబ్‌నెయిల్స్‌గా తెరవకండి, ఆ చిన్న బొమ్మల కోసం ప్రతి ఫైల్‌నూ డిస్క్ అదనంగా చదవాల్సి వస్తుంది. ఏదైనా ఫైల్ దగ్గర కాపీ వేగం పడిపోయి ఇరుక్కుంటే దాన్ని వదిలేసి తర్వాతదానికి వెళ్లండి.

బ్యాడ్ సెక్టార్లు ఎక్కువగా ఉంటే ఫైల్ ఫైల్‌గా లాగడం కన్నా మొత్తం డిస్క్‌కు ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు ఒకే ఫైల్‌గా నకలు, తీయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఇందుకు లైనక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే టూల్ ఉంది, ఉచితం. అది ముందు సులువుగా వచ్చే భాగాలన్నీ గబగబా తీసేసుకుని, మొండి భాగాలను ఆఖరికి ఉంచుతుంది. ఎంతవరకు చదివిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి, డిస్క్ వేడెక్కితే చల్లారనిచ్చి, అక్కడి నుంచే కొనసాగించవచ్చు. మ్యాప్ ఫైల్ ఇవ్వడం మరిచిపోతే ఈ సౌకర్యం ఉండదు. ఇమేజ్ పెట్టే డిస్క్‌లో పాత డిస్క్ మొత్తం సైజుకు మించి ఖాళీ ఉండాలి, అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసినది కాకూడదు. ఫ్యాట్32లో ఒక ఫైల్ 4 జీబీ దాటదు. కమాండ్‌లో ఏది చదివే డిస్క్, ఏది రాసే డిస్క్ అన్నది ఎంటర్ నొక్కే ముందు సైజు, మోడల్ పేరు చూసి రెండుసార్లు సరిపోల్చుకోండి. ఆ రెండూ తారుమారైతే మిగిలి ఉన్నదీ చెరిగిపోతుంది.

ఇమేజ్ వచ్చాక టెన్షన్ సగం తగ్గినట్టే. పాత డిస్క్ తీసి దాచేసి, టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి రికవరీ టూల్స్ ఇమేజ్ మీదే నడపండి. ఫొటోరెక్ ఫైళ్లను తెస్తుంది కానీ పాత పేర్లు, ఫోల్డర్లు తేదు. ఎఫ్ అక్షరం పక్కన అంకెల వరుసతో వేల ఫైళ్లు కుప్పగా వస్తాయి. కంగారు పడకండి, కెమెరా ఫొటోల్లో తీసిన తేదీ ఫైల్ లోపలే ఉంటుంది. దాన్ని బట్టి సర్దుకోవచ్చు.

బాక్స్ విప్పి డిస్క్‌ను నేరుగా కంప్యూటర్‌కు కలుపుదామనుకుంటే ఒక మాట. కొన్ని మోడళ్లలో యూఎస్‌బీ బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, ఆ బోర్డు లేకుండా అంతా అర్థంకాని చెత్తలా కనిపిస్తుంది. ఇంకొన్నిటిలో యూఎస్‌బీ సాకెట్ డిస్క్ బోర్డుకే అతికి ఉంటుంది. విప్పినా ఆ చిన్న బోర్డు మాత్రం పారేయకండి. విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ పెట్టుకుని ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే వెతికి పెట్టుకోండి.

డిస్క్ పైన చెప్పిన చప్పుళ్లు చేస్తున్నా, లోపలున్నది మళ్లీ దొరకనిదైనా క్లీన్ రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న ల్యాబ్‌కే ఇవ్వండి. పరీక్షకు ఎంత, డేటా రాకపోతే ఎంత అన్నది ముందే రాతపూర్వకంగా తీసుకోండి. మీరు ఇప్పటిదాకా ఏమేం చేశారో దాచకుండా చెప్పండి, వాళ్ల పని దాని మీదే ఆధారపడి ఉంటుంది.

వచ్చిన ఫైళ్లను సైజు చూసి సరిపెట్టుకోవద్దు. చదవలేని చోట్ల సున్నాలు నిండి, సైజు మాత్రం సరిగ్గానే ఉండవచ్చు. ఫొటోలు తెరిచి కింది సగం బూడిద రంగులో ఉందేమో చూడండి, వీడియోలను మధ్యకు, చివరికి జరిపి చూడండి. అవన్నీ సరిచూసుకుని రెండో కాపీ వేరే చోట పెట్టుకునేదాకా పాత డిస్క్‌ను, ఇమేజ్‌ను అలాగే ఉంచండి.