వంటింట్లో ఇంగ్లీష్ గ్రామర్: సర్వపిండి నుంచి సకినాల దాకా

టెన్సుల పట్టిక అడిగితే చూడకుండా రాస్తారు. ఇంగ్లీష్ పేపర్ చదివితే అర్థమవుతుంది. కానీ ఎవరైనా ఎదురుగా నిలబడి ఇంగ్లీష్‌లో అడిగితే నోరు పెగలదు. హన్మకొండలో సాయంత్రం పూట నా దగ్గరికి స్పోకెన్ ఇంగ్లీష్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇట్లాంటివాళ్లే. డిగ్రీ పిల్లలు, నర్సింగ్ చదివేవాళ్లు, పిల్లల స్కూల్ మీటింగ్‌లో టీచర్‌తో మాట్లాడాలని వచ్చే తల్లులు. వీళ్ల చేత మళ్లీ మొదటి పేజీ నుంచి గ్రామర్ పుస్తకం చదివించడం దండగని నా గట్టి నమ్మకం. తిండి గురించి మాట్లాడించాలి. ఏది పచ్చిగా ఉంది, ఏది ఉడికింది, ఉప్పు తగ్గిందా ఎక్కువైందా అన్నది మనం తడుముకోకుండా చెప్పగలం. ఇంగ్లీష్‌లో మనల్ని ఇబ్బంది పెట్టే తేడాలు చాలావరకు ఈ తేడాలే.

సర్వపిండితో మొదలుపెట్టండి. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కారం, కరివేపాకు అన్నీ కలుపుతారు కదా. చేతులు పనిలో ఉండగానే, జరుగుతున్నది జరుగుతున్నట్టు పైకి చెప్పండి. ‘ఐ యామ్ చాపింగ్ ఆనియన్స్.’ ‘ఐ యామ్ మిక్సింగ్ ద ఫ్లవర్.’ ‘ఐ యామ్ మేకింగ్ హోల్స్ విత్ మై ఫింగర్.’ పిండి అనే మాటను ఇంగ్లీష్‌లో పువ్వు అనే మాటలాగానే పలుకుతారు, స్పెల్లింగ్ ఒక్కటే వేరు. ‘ఫ్లోర్’ అంటే నేల. మా బ్యాచ్‌లో ఈ ఒక్క మాటను ప్రతిసారీ సరిచేయాల్సి వస్తుంది.

గంజు పొయ్యి మీద పెట్టి మూత పెట్టాక రెండో విడత. ఇప్పుడు అవే పనులను ‘హావ్’ పెట్టి చెప్పండి. ‘ఐ హావ్ చాప్డ్ ది ఆనియన్స్.’ ‘ఐ హావ్ కవర్డ్ ద పాన్.’ ‘ఇట్ హాజంట్ టర్న్డ్ రెడ్ యెట్.’ ఎప్పుడు తరిగారన్నది ఇక్కడ అవసరం లేదు. తరిగిన ఉల్లిగడ్డ ఇప్పుడు మీ ముందు ఉంది, అంతే. రాత్రి పడుకునే ముందు మూడో విడత. ‘ఐ మేడ్ సర్వపిండి దిస్ మార్నింగ్. వి ఏట్ ఇట్ విత్ కర్డ్.’ పొద్దున అనో నిన్న అనో మొన్న అనో కాలం చెప్పగానే ‘హావ్’ పోవాలి. ‘ఐ హావ్ ఈటెన్ యెస్టర్‌డే’ అన్నది మనవాళ్లందరి నోటా వచ్చే తప్పు. మనకు ‘తిన్న’ అనే ఒక్క మాట రెండింటికీ సరిపోతుంది కాబట్టి అట్లా వస్తుంది. మధ్యాహ్నం ఇంటికి వచ్చిన చుట్టాన్ని ‘తిన్నవా?’ అని అడిగితే మనం అడిగేది కడుపు నిండి ఉందా లేదా అని. అక్కడ ‘హావ్ యూ ఈటెన్?’ అనాలి. ‘ఎప్పుడు తిన్నవ్?’ అంటే ‘వెన్ డిడ్ యూ ఈట్?’

శనగపప్పు నానుతున్నంతసేపట్లో ఇంకొకటి నేర్చుకోవచ్చు. ‘రెండు గంటల నుంచి నానుతోంది’ అని మనం అంటే దానికి రెండు అర్థాలున్నాయి. రెండింటికి నానబెట్టామని ఒకటి, నానబెట్టి రెండు గంటలైందని ఇంకొకటి. ఇంగ్లీష్‌లో వీటిని విడదీయాల్సిందే. గడియారం చూపించేది ‘సిన్స్’, లెక్కపెట్టిన సమయం ‘ఫర్’. ‘ఇట్ హాజ్ బీన్ సోకింగ్ సిన్స్ టూ ఓ క్లాక్.’ ‘ఇట్ హాజ్ బీన్ సోకింగ్ ఫర్ టూ అవర్స్.’ నోటికి వచ్చేదాకా ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి అనండి.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది, స్కూల్లో సరిగ్గా చెప్పకుండా దాటేసేది గిర్ని పాఠం. బియ్యం గిర్నికి తీసుకెళ్లి పిండి పట్టించారు. మిషన్ నడిపింది గిర్నాయన, మీరు కాదు. తెలుగులో ‘పట్టాను’ అనకుండా ‘పట్టించాను’ అంటాం. ఆ ‘ఇంచు’లోనే విషయమంతా ఉంది. ఇంగ్లీష్‌లో ఆ పనిని ‘గెట్’ గానీ ‘హావ్’ గానీ చేస్తుంది. ‘ఐ గాట్ ద రైస్ గ్రౌండ్.’ వరుస చూడండి: ముందు గాట్, తర్వాత వస్తువు, చివర క్రియ మూడో రూపం. గ్రైండ్‌కు రెండో రూపం, మూడో రూపం రెండూ గ్రౌండే, ‘గ్రైండెడ్’ కాదు. ‘ఐ గ్రౌండ్ ద రైస్’ అంటే మీరే కూర్చుని విసిరారని అర్థం. దుకాణంలో మటన్ చిన్న ముక్కలు కొట్టించారు: ‘ఐ గాట్ ద మటన్ కట్ ఇంటు స్మాల్ పీసెస్.’ ఇదే వరుస వంటింటి బయట ఎంత పనికొస్తుందో చూడండి. సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించాను, ఫోన్ బాగు చేయించాను, రక్తపరీక్ష చేయించుకున్నాను: ‘ఐ గాట్ మై సర్టిఫికెట్స్ ఫొటోకాపీడ్’, ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’, ‘ఐ హ్యాడ్ మై బ్లడ్ టెస్టెడ్’. చేసిన మనిషిని కూడా చెప్పాలంటే వరుస మారుతుంది. చెల్లెతో ఉల్లిగడ్డలు తరిగించాను: ‘ఐ గాట్ మై సిస్టర్ టు చాప్ ది ఆనియన్స్’, లేదా ‘ఐ హ్యాడ్ మై సిస్టర్ చాప్ ది ఆనియన్స్’. గాట్‌కు ‘టు’ కావాలి, హ్యాడ్‌కు వద్దు. తెలుగులో మీరు ‘ఇంచు’ అన్న ప్రతిచోటా ఆగి, దాన్ని ఈ వరుసలో పెట్టి చెప్పండి.

లెక్కల సంగతి. బియ్యం, ఉప్పు, నూనె, పిండి ఇంగ్లీష్‌లో లెక్కపెట్టేవి కావు, వాటికి ‘మచ్’. ఉల్లిగడ్డలు, పల్లీలు, గుడ్లు లెక్కపెట్టేవి, వాటికి ‘మెనీ’. చిక్కంతా ఎల్లిపాయ దగ్గర వస్తుంది. మనకు అది లెక్కకు వస్తుంది, ఇంగ్లీష్‌లో ‘గార్లిక్’ లెక్కకు రాదు. గడ్డ అయితే ‘ఎ బల్బ్ ఆఫ్ గార్లిక్’, రెబ్బ అయితే ‘ఎ క్లోవ్ ఆఫ్ గార్లిక్’ అనాలి. ఇట్లాంటి కొలతమాటలు మనకూ ఉన్నాయి కాబట్టి జతలుగా నేర్చుకోండి. చిటికెడు ‘ఎ పించ్’, పిడికెడు ‘ఎ హ్యాండ్‌ఫుల్’, కొత్తిమీర కట్ట ‘ఎ బంచ్’, కరివేపాకు రెమ్మ ‘ఎ స్ప్రిగ్’. ‘ఐ ఏట్ చికెన్’ అంటే కోడికూర తిన్నట్టు, ‘ఐ ఏట్ ఎ చికెన్’ అంటే కోడినంతా ఒక్కరే తిన్నట్టు. ఆ చిన్న ‘ఎ’ ఉప్పు దగ్గర కూడా అర్థం మార్చేస్తుంది. ‘దేర్ ఈజ్ ఎ లిటిల్ సాల్ట్’ అంటే కొంచెం ఉంది, సరిపెట్టుకోవచ్చు. ‘దేర్ ఈజ్ లిటిల్ సాల్ట్’ అంటే ఉన్నా లేనట్టే.

‘వెరీ’, ‘టూ’ ఒకటే అనుకుంటారు చాలామంది. మెచ్చుకోవాలని ‘యువర్ పాయసం ఈజ్ టూ స్వీట్’ అంటే తీపి ఎక్కువైందని చెప్పినట్టు, వండినవాళ్లు బాధపడతారు. చాలా తియ్యగా ఉంటే ‘వెరీ స్వీట్’, తినలేనంత తీపైతేనే ‘టూ స్వీట్’. ‘హాట్’ అన్నా అంతే జాగ్రత్త. వేడికీ కారానికీ అదే మాట వాడతారు కాబట్టి కూర గురించి చెప్పేటప్పుడు కారానికి ‘స్పైసీ’ అంటే అనుమానం ఉండదు.

పోలికలకు మన ఎనుమాముల మార్కెట్ మిర్చి కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వరంగల్ చపాట మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతానికే ప్రత్యేకమైన సరుకుకు ఇచ్చే గుర్తింపు, వచ్చింది. బొద్దుగా ఉంటుంది, టమాటా మిర్చి అని కూడా అంటారు. రంగు ఎక్కువ, కారం తక్కువ. తేజ రకం సన్నగా ఉండి మంట పుట్టిస్తుంది. ‘చపాట ఈజ్ లెస్ హాట్ దాన్ తేజ.’ ‘చపాట ఈజ్ నాట్ యాజ్ హాట్ యాజ్ తేజ.’ ‘తేజ ఈజ్ థిన్నర్ దాన్ చపాట.’ చిన్న మాటకు చివర ‘అర్’ వచ్చాక ముందు మళ్లీ ‘మోర్’ పెట్టొద్దు. ‘మోర్ హాటర్’ అన్నది లేదు.

వంట క్రియల్లో ‘వేయించు’ ఒక్కటే మనకు నాలుగైదు పనులకు వస్తుంది. సద్దుల బతుకమ్మకు సత్తు చేసేటప్పుడు నువ్వులు నూనె లేకుండా వేయిస్తే ‘రోస్ట్’. పోపులో ఉల్లిగడ్డ వేయిస్తే ‘ఫ్రై’. గారెలు మునిగేంత నూనెలో వేస్తే ‘డీప్ ఫ్రై’. ఉడికించడంలోనూ అంతే: గుడ్లు ‘బాయిల్’, కుడుములు ‘స్టీమ్’, పప్పు సన్నటి మంట మీద ‘సిమ్మర్’. రోట్లో దంచితే ‘పౌండ్’, మెత్తగా నూరితే ‘గ్రైండ్’.

మరుగుతున్న నీళ్లు ‘బాయిలింగ్ వాటర్’, మరిగించి చల్లార్చినా ‘బాయిల్డ్ వాటర్’. జ్వరం వచ్చినవాళ్లకు తాగమని చెప్పేది రెండోది. ఇది పట్టుబడితే ‘ఐ యామ్ బోరింగ్’ అనడం కూడా ఆగుతుంది. మీకు విసుగు వస్తే మీరు ‘బోర్డ్’, విసుగు పుట్టించేది ‘బోరింగ్’.

ఇంటర్వ్యూలో ‘మీ ఊరి వంటకం ఒకటి చెప్పండి’ అని అడగడం మామూలే. దానికి సకినాలు సిద్ధం చేసుకోండి. ఇక్కడ ఎవరు చేశారన్నది అక్కర్లేదు, ఏం చేస్తారన్నది కావాలి కాబట్టి పాసివ్ వాయిస్ సహజంగా కుదురుతుంది. ‘రైస్ ఈజ్ సోక్డ్ ఓవర్‌నైట్. ఇట్ ఈజ్ డ్రెయిన్డ్ అండ్ గ్రౌండ్. ద ఫ్లవర్ ఈజ్ మిక్స్‌డ్ విత్ సెసమీ సీడ్స్ అండ్ అజ్వైన్. ద డో ఈజ్ షేప్డ్ ఇంటు రింగ్స్ ఆన్ ఎ క్లాత్. ద రింగ్స్ ఆర్ లెఫ్ట్ టు డ్రై ఫర్ ఎ వైల్ అండ్ దెన్ డీప్ ఫ్రైడ్.’ చివర ‘దే ఆర్ మేడ్ ఫర్ సంక్రాంతి’ అని కలపండి.

దీన్ని బట్టీ పట్టొద్దు. ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. వినేటప్పుడు రెండే చూడండి: ఒకటైతే ‘ఈజ్’, ఎక్కువైతే ‘ఆర్’ వచ్చిందా, క్రియ మూడో రూపంలో ఉందా. తప్పు దొరికిన వాక్యాన్ని మాత్రమే మళ్లీ చెప్పండి, మొత్తం కాదు. అది కుదిరాక పచ్చిపులుసుకు మారండి. చింతపండు, ఉల్లిగడ్డ, కొంచెం బెల్లం. పులుసును ఉడికించే పని లేదు, వాక్యాలు కూడా తక్కువే పడతాయి.