బొడ్డు చూసి సొర కొనండి

కాకినాడలో మాది చిన్న కర్రీ పాయింట్. వంట మా ఆవిడది, బజారు పని నాది. ఆదివారం మా దగ్గర సొర పిట్టు, అంటే సొర చేపని (షార్క్) ఉడికించి చిదిమి చేసే పొడి వేపుడు, ప్రత్యేకం. పదకొండున్నరకి గిన్నె బయటపెడితే ఒంటిగంటకల్లా అడుగు కనబడుతుంది. కొనేవాళ్ళలో సగం మంది ఇంట్లో బాలింత ఉన్నవాళ్ళే. "పాల సొరేనా అండి?" అని రెండుసార్లు అడిగి మరీ కట్టించుకుంటారు. పాల సొర తింటే తల్లికి పాలు పడతాయని మన వైపు నమ్మకం. పేరు కూడా ఇవాళ్టిది కాదు. 1803లో పాట్రిక్ రస్సెల్ అనే దొర, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలకు బొమ్మలు వేయించి లండన్‌లో పుస్తకం అచ్చేయించాడు. అందులోనూ ఇంగ్లీషు అక్షరాల్లో "పాల సొర" అనే ఉంది.

సొర అమ్ముకుని బతుకుతూ, సొర తినకండి అని చెబితే జనం నవ్వుతారు. బుట్ట ముందు నిలబడ్డప్పుడు ఏది కొనొచ్చు, ఏది వెనక్కి పెట్టాలి అన్నది మాత్రం చెప్పగలను. ఇది తెలియక నేను పద్నాలుగేళ్ళు తప్పు చేపే కొన్నాను.

తెలిసింది మా ఊళ్ళో పడవలు ఆగే కుంభాభిషేకం రేవులో, ఓ పొద్దున్న. ఆరు "లేత పాల సొరలు" ఏరి పక్కన పెట్టుకున్నాను. ఒక్కోటీ రెండడుగుల లోపు, బూడిద రంగులో నిగనిగలాడుతున్నాయి. పక్కనే ఓ పీహెచ్‌డీ అమ్మాయి గొంతుక్కూచుని, టేపుతో చేపలు కొలిచి పుస్తకంలో రాసుకుంటోంది. "బాబాయ్ గారూ, మీ చేపలు ఒక్కసారి చూడనిస్తారా?" అంది. చూసుకోమన్నాను. ఒకదాన్ని వెల్లకిలా తిప్పి, రెండు పక్క రెక్కల మధ్య పొట్ట మీద వేలు పెట్టింది. అక్కడ సన్నటి చీలిక ఉంది. గోటితో గీసినంత. అంచులు ఎర్రగా, తడిగా ఉన్నాయి.

"ఇది బొడ్డండి. ఇంకా మానలేదు."

"చేపకి బొడ్డేంటమ్మా?" అన్నాను. నిజంగానే తెలియదు.

ఆ అమ్మాయి విడమరిచి చెప్పింది. మామూలు చేపల్లా సొరలు గుడ్లు చల్లి పోవు. పాల సొర, సుత్తి తల సొర, రెక్క కొసలు నల్లగా ఉండే పెద్ద సొరలు, ఇవన్నీ పిల్లల్ని కడుపులోనే మోస్తాయి, అదీ నెలల తరబడి. బొడ్డుతాడు ఉంటుంది, మాయ లాంటిదీ ఉంటుంది. పుట్టాక మన పిల్లల్లాగే బొడ్డు మానడానికి కొన్నాళ్ళు పడుతుంది. నా చేతిలో ఉన్నవి పాల సొరలే కావు. మనిషి ఎత్తు దాటి పెరిగే జాతి పిల్లలు. పుట్టి ఎన్నో రోజులు కాలేదు. అంటే ఇన్నాళ్ళూ బాలింతలకు పథ్యమని నేను కట్టిచ్చినవాటిలో ఎన్ని పసిగుడ్లు ఉన్నాయో లెక్కలేదు.

ఇంటికెళ్ళి ఆ చీలిక మా ఆవిడకి చూపించాను. కత్తి కింద పెట్టి, చేతులు కడుక్కుని, అరుగు మీద కాసేపు కూర్చుంది. తర్వాత లేచి వండేసింది. డబ్బిచ్చి తెచ్చిన చేప, పైగా చచ్చిన చేప, పారేస్తే ఎవరికి లాభం?

ముందు పట్టుకోవాల్సిన ముక్క ఇది: చిన్న సొర వేరు, సొర పిల్ల వేరు. "లేతది ఇవ్వండి" అని అడిగామంటే మనమే పిల్లల్ని అడుగుతున్నట్టు. అడగాల్సింది పెరిగినా చిన్నగానే ఉండే జాతిని.

తలా రెక్కలూ లేకపోతే డబ్బు తీయకండి

తల కోసి, తోలు ఒలిచి, ముక్కలు చేసి పెట్టిన సొర చవగ్గా వస్తుంది. అది ఏ జాతో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఇంకో తిప్పలు కూడా ఉంది. సొర ఒంట్లో యూరియా ఎక్కువ. సముద్రంలోని ఉప్పుకి తట్టుకోవడానికి దానికి అది అవసరం. చచ్చాక ఐస్ సరిగ్గా పడకపోతే ఆ యూరియా అమ్మోనియాగా మారుతుంది. ఒకసారి తొందరలో ఐదు కేజీల ముక్కలు తెచ్చాను. ఐస్ మీద ఉండగా ఏమీ తెలియలేదు. పసుపు వేసి ఉడకబెట్టామో లేదో వీధంతా బస్టాండ్ మరుగుదొడ్డి వాసన. ఆ ఆదివారం షాపు తీయలేదు. అందుకే తల ఉన్న చేపనే, మొప్పల చీలికల దగ్గర ముక్కు పెట్టి చూసుకుని కొనాలి. కళ్ళు మండేలా ఘాటు కొడితే నిమ్మకాయలు ఎన్ని పిండినా లాభం లేదు.

తల చూడండి

సుత్తి తల సొరను చిన్నపిల్లాడు కూడా గుర్తుపడతాడు. తల రెండు పక్కలకీ చాచి, చివర్లలో కళ్ళు. మన బుట్టల్లోకి వచ్చేవి ఎక్కువగా మూరెడు, మూరన్నర ఉంటాయి. ఈ జాతుల్లో పెద్దవి పిల్లలు పెట్టే ఈడుకి రావాలంటే రెండు మీటర్ల దాకా పెరగాలి, అందుకు చాలా ఏళ్ళు పడుతుంది. కాబట్టి మూరెడు సుత్తి తల కనబడితే అది పిల్లే, ఇంక బొడ్డు కూడా చూడక్కర్లేదు. ఏ జీవులు అంతరించిపోయేలా ఉన్నాయో లెక్కకట్టే ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ వాళ్ళు ఈ పెద్ద సుత్తి తలల్లో రెండు జాతులను అంతరించే అంచున ఉన్నవాటిలో పెట్టారు. వెనక్కి పెట్టేయండి.

మూతి పారలా పలచగా, వెడల్పుగా ఉండే బుల్లి సొర ఒకటుంది. మన దేశంలో రెండు తీరాల్లోనూ దొరుకుతుంది. ఇది జానన్నర దాటితే పెద్దదైనట్టే. రెండేళ్ళలోపే పిల్లలు పెడుతుంది. ఏదో ఒక సొర కొనాలని ఉంటే నేను మొదట దీన్నే చూస్తాను. మాంసం తక్కువొస్తుంది, తోలు ఒలిచేటప్పుడు మా ఆవిడ తిడుతుంది. అది వేరే సంగతి.

అసలైన పాల సొరకి మూతి పొడవు. నోటి మూలల్లో, పై పెదవి మీద, పొడవాటి గాడి ఉంటుంది. వేలి గోరు పెడితే తగులుతుంది. తోక వైపున్న చిన్న వీపు రెక్క, సరిగ్గా దాని కిందున్న పొట్ట వైపు రెక్క కన్నా వెనక నుంచి మొదలవుతుంది. పెద్ద జాతుల పిల్లల్లో ఈ రెండు రెక్కలూ దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. రెక్కల కొసలు సిరాలో ముంచినట్టు నల్లగా ఉంటే పాల సొర కాదని దాదాపుగా తేల్చేయొచ్చు. పాల సొర పుట్టినప్పుడు అడుగుంటుంది, రెండున్నర అడుగులకి అటూ ఇటూగా ఈడుకొస్తుంది. అంతకన్నా చిన్నదైతే వద్దు.

తిప్పి చూడండి

వెల్లకిలా తిప్పి, పక్క రెక్కల మధ్య బొటనవేలితో నొక్కండి. చీలిక తెరుచుకుంటే పుట్టి కొన్ని రోజులే. మూసుకుపోయి గీతలా తగిలితే కొన్ని వారాలు. ఏమీ తగలకుండా నున్నగా ఉంటే పిల్ల దశ దాటింది. పొట్ట కింద, వెనక రెక్కల లోపల, రెండు వేళ్ళలా వేలాడుతుంటే మగది. అవి ముదిరి గట్టిపడితే ఈడొచ్చిన మగది. నేను అలాంటిదే ఏరుకుంటాను. ఆడదై పొట్ట ఉబ్బి ఉంటే లోపల పిల్లలు ఉండొచ్చు. పాల సొర ఒక కాన్పుకి పెట్టేవి ఎక్కువగా నాలుగైదు, అదీ ఏడాది మోసి. ఒక్క వంజరం పెట్టే లెక్కలేనన్ని గుడ్లతో పోల్చి చూస్తే సొరలు ఎందుకు తగ్గిపోతున్నాయో వేరే చెప్పక్కర్లేదు.

బజార్లో బొడ్డు నొక్కి చూస్తుంటే మొదట్లో నవ్వేవాళ్ళు. నేను ఏళ్ళ తరబడి కొనే అక్కయితే, "ఏంటి బాబూ, చేపకి పురుడు పోస్తావా?" అంది. బుట్ట చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. ఇప్పుడు తనే ముందుగా తిప్పి చూసి, "ఇయ్యి నీకు పనికిరావులే" అని పక్కకి తోస్తుంది. ఆమెతో దెబ్బలాట పెట్టుకోకండి. సొర పిల్లల్ని పట్టాలని ఆమె ఏమీ పడవెక్కలేదు. రొయ్యల కోసం లాగిన వలలో అవీ వస్తాయి. మనం అడిగే మాట మారాలి అంతే. "అక్కా, బొడ్డు మానని సొర నాకొద్దు, ముదురుదుంటే రెండు రూపాయలు ఎక్కువిస్తాను" అంటే చాలు. వ్యాపారం ఆమెకి నాకన్నా బాగా తెలుసు.

నేనొక్కడినీ మానేస్తే సముద్రం నిండదని నాకూ తెలుసు. ఏటి మొగల దగ్గర, ఒడ్డు వారన, పిల్లలు పెరిగే చోట ట్రాలర్లు లాగినంత కాలం నా బుట్ట ఏ మూలకి? మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం ఉంది. అది మంచిదే. సొర రెక్కల ఎగుమతిని 2015లో కేంద్రం ఆపేసింది. అంతకు రెండేళ్ళ ముందే, రెక్కలు కోసి ఒళ్ళు నీళ్ళలో పడేయకుండా చేపను మొత్తంగా ఒడ్డుకు తేవాలని రూలు పెట్టింది. అయినా, 2021లో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు తేల్చిన లెక్క: నడిసముద్రంలో తిరిగే సొరలు, పళ్ళెంలా చదునుగా ఉండే టేకు చేపలు 1970 నుంచి 71 శాతం తగ్గిపోయాయి. నేను షాపు పెట్టిన కొత్తలో ఒక సొరను వాసానికి కట్టి ఇద్దరు మోసుకుంటూ వచ్చేవాళ్ళు. అలా మోసుకురావడం చూసి ఎన్నేళ్ళయిందో.

షాపు దగ్గర పిల్లలు అడుగుతారు: "అంకుల్, సొర మనుషుల్ని తింటుంది కదా?" సినిమాల పుణ్యం. మా రేవులో ముప్పై ఏళ్ళు వేటకెళ్ళిన మావనొకాయన్ని అడిగితే, "సొర చింపిన వలలు బోలెడు కుట్టాను, సొర కరిచినోడికి కట్టు కట్టింది లేదు" అన్నాడు. ప్రపంచం మొత్తమ్మీద, మనిషి కెలక్కుండా సొర కరిచిన సంగతులు ఏడాదికి వంద కూడా లేవు. మన బీచ్‌లో భయపడాల్సింది లాక్కెళ్ళే నీటికి.

కొన్ని చేపలు కనబడితే బేరం కూడా ఆడకూడదు. ఒళ్ళంతా తెల్ల చుక్కలుండే తిమింగలం సొర, రంపం మూతి చేప, గంగ సొర, పాండిచ్చేరి సొర, ఇవి 2001 నుంచి వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి. 2022లో చట్టం సవరించాక జాబితా ఇంకా పెరిగింది. తిమింగలం సొర పేరుకే భయం, అది తినేది నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్ని, చిన్న చిన్న చేపల్ని. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకి ఒకటి కొట్టుకొస్తే అటవీ శాఖ వాళ్ళు, జాలర్లు కలిసి మళ్ళీ సముద్రంలోకి పంపించారు. మీ వలలో పడితే తోకకి తాడు కట్టి లాగకండి, వల కోసేయండి. అటవీ శాఖకి ఫోన్ చేయండి.

బాలింతకైతే సొర వద్దే వద్దు

ఇది చెబితే నా గిరాకీకే దెబ్బ, అయినా చెప్పాలి. సొర వేటాడి తినే చేప, అది తిన్న చేపల్లోని పాదరసం దాని ఒంట్లో పేరుకుపోతుంది. వండితే పోదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు తినకూడని చేపల్లో సొరను, ఆహారం, మందుల మంచిచెడ్డలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ చేర్చింది. మా అమ్మాయి పురిటికొచ్చినప్పుడు, మా అత్తగారు "పాల సొర ఏదీ?" అని మూడు రోజులు సాధించింది. కొరమీనుతో పిట్టు చేసి పెట్టాం. ఆవిడ తిని, "ఈసారి సొర బాగుంది" అంది. మేమేమీ మాట్లాడలేదు.

ఆ పిట్టు చేసే పద్ధతి ఇది. కేజీ కొరమీను, దొరక్కపోతే పండుగప్ప, పెద్ద ముక్కలుగా కోయించండి. నీళ్ళు ముక్క మునిగీ మునగనట్టు పోసి, పసుపు, ఉప్పు, నాలుగు చింత చిగుళ్ళు వేసి ఏడెనిమిది నిమిషాలు ఉడికించండి. ఎక్కువైతే పిండైపోతుంది. నీళ్ళు వార్చి, చల్లారాక తోలు, ముల్లు తీసేయండి. సొరకి ముల్లు ఉండదు కాబట్టి ఆ పని ఉండేది కాదు, దీనికి ఉంటుంది, ఓపిక పట్టాలి. వేళ్ళతో పొడి పొడిగా చిదమండి. గరిటె వాడితే ముద్దవుతుంది. నూనె కాస్త ధారాళంగా పోసి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు నాలుగు, పచ్చిమిర్చి, కరివేపాకు వేయించి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక చేప పొడి వేయండి. సన్న సెగ మీద తడి ఆరేదాకా అడుగంటకుండా కలుపుతూ ఉండాలి. పావుగంట పైనే పడుతుంది. బాలింతకైతే కారం తగ్గించి, మిరియాలు, వెల్లుల్లి పెంచండి. దించే ముందు కొత్తిమీర.

మా షాపు బోర్డు మీద ఇప్పుడు "సొర పిట్టు" కింద "కొరమీను పిట్టు" అని కూడా ఉంటుంది. ముదురు సొర దొరకని ఆదివారం పై పేరు మీద సున్నం రాస్తాను. పోయిన నెల నాలుగు ఆదివారాల్లో మూడుసార్లు రాశాను.